మీకు తెలుసా? బీరువా కదిలితే చీటీ చెల్లదు

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడి జిల్లాలయ్యాయి. ఫైళ్లు మూటలు కడుతూ ఒక గుమాస్తా, గద్వాల చీరల రిజిస్టరుకు బదులు ‘మూడో బీరువా, రెండో అర’ అన్న చీటీ ఒక్కటే పంపాడనుకోండి. కొత్త ఆఫీసులో ఆ బీరువా ఏదీ?

డేటాబేస్‌లోనూ అచ్చం ఇదే చిక్కు. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18 నుంచి ఎక్స్‌టెన్షన్లు తమ సొంత గణాంకాలను కోర్ (అసలు సర్వర్) లెక్కల పక్కనే షేర్డ్ మెమరీలో ఉంచుకోవచ్చు. సర్వర్‌ను పద్ధతిగా ఆపితే అవి డిస్కు మీది ఫైల్లోకి చేరి, మళ్లీ మొదలవగానే తిరిగొస్తాయి. కాకపోతే కోర్‌కు తెలిసింది నిర్ణీత సైజు రికార్డును ఉన్నదున్నట్టు రాయడమే. ‘నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు’ లాంటి పొడవాటి వివరం వేరేచోట ఉండి, రికార్డులో దాని పాయింటర్ (మెమరీ చిరునామా) మాత్రమే ఉంటే, ఫైలుకెక్కేది చీటీయే. రీస్టార్టయ్యాక ఆ చిరునామాలో ఏముంటుందో దేవుడికెరుక!

అందుకే ఆ తర్వాతి వెర్షన్ కోసం కాల్‌బ్యాక్‌లు, అంటే ఎక్స్‌టెన్షన్ రాసిస్తే కోర్ పిలిచే ఫంక్షన్లు, చేర్చారు. రాసేటప్పుడొకటి, చదివేటప్పుడొకటి. అసలు సరుకును ఎక్స్‌టెన్షనే వేరే ఫైల్లో దాచి, అందులో అది ఎక్కడ మొదలైందో ఆ ఆఫ్‌సెట్‌ను ప్రధాన ఫైల్లో రాస్తుంది. మూడోది ముగింపు కాల్‌బ్యాక్. తెరిచిన ఫైలు మూయడం, మధ్యలో ఏదైనా చెడితే సగం రాసినదాన్ని పారేయడం దాని పని. చిన్న పనే, మరిచిపోవడమూ తేలికే.

క్రాష్ అయితే? పాత ఫైలును నమ్మరు, లెక్కలు సున్నా నుంచి మొదలు. మామూలు టేబుళ్లలో కమిటైన డేటాకు మాత్రం ఢోకా లేదు.