రథమును ఛాయాపటమును

మనుష్యుని చేతికి వచ్చిన యంత్రములలో ఇంటి స్త్రీ బ్రదుకును తాకనిది అరుదు. తిరుగలి పోయి పిండిమర వచ్చినది. రోలు మూలబడి మిక్సీ వచ్చినది. వీనివలన మన చేతుల నొప్పి తగ్గినది కనుక వీనిని గూర్చి ఎవ్వరును తర్కింపరు. కాని రెండు యంత్రముల విషయమున మాత్రము మన సంఘము నేటికిని తడబడుచునే యున్నది. ఒకటి బండి, రెండవది కెమేరా. మొదటిది స్త్రీని గడప దాటించును. రెండవది స్త్రీ రూపమును గడప దాటించును. ఈ రెండింటిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలను సోదరీమణుల ముందుంచుచున్నాము.

బండి తోలుట స్త్రీకి తగదని యెవరైన ననినచో మన గ్రంథములే యొప్పుకొనవు. భారతమున సుభద్ర తానే పగ్గములు పట్టి రథము నడపగా, అర్జునుడు వెంటదగిలిన యాదవవీరులతో పోరాడెను. భాగవతమున ఉష స్వప్నమందు గాంచిన వాడెవ్వడో తెలియక కుందుచుండగా, చెలికత్తె చిత్రలేఖ లోకములందలి యువకుల రూపములను పటమున వ్రాసి చూపెను. అందుండి ఉష అనిరుద్ధుని గుర్తుపట్టెను. కనుక పగ్గమును కుంచెయు స్త్రీ చేతికి క్రొత్తవి కావు. అయితే చిత్రలేఖ ఆ యువకులలో నొక్కని యనుమతినైనను అడిగినట్లు లేదు! ఆ ముచ్చట తరువాత చెప్పుకొందము.

మన ప్రాంతపు ఛాయాచిత్ర చరిత్రలో రాజా దీనదయాళుని పేరు మొదట చెప్పదగినది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించిన ఈయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పెను. 1892లో హైదరాబాదున స్త్రీల కొరకే వేరుగా జనానా స్టూడియో తెరచి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత కప్పగించెను. ఆ కాలమున చిత్రము తీయుట క్షణములో ముగియు పని కాదు. వెండి లవణముల పూత పూసిన గాజుపలకపై వెలుగు పడనిచ్చి, చీకటిగదిలో మందునీటితో కడిగినగాని రూపము తేలదు. ఇంత శ్రమతో కూడిన పనికి స్త్రీలకై మరియొక తావు నేర్పరచుటకు కారణ మొక్కటే: ఘోషాలోని స్త్రీ పరపురుషుని చూపు ముందు నిలువదు. అచ్చట ఘోషా తొలగలేదు, యంత్రము మారలేదు. యంత్రము వెనుకనున్న మనిషి మారినది. అంతమాత్రముననే మూసిన తలుపు తెరచుకొన్నది. యంత్రము ఖరీదెంత యని అందరు నడుగుదురు; అది యెవరి చేత నున్నదని మేమడుగుదుము.

ఆదిలాబాదు అడవులలో దీనికి మరియొక నిదర్శనము కలదు. 1940లో జోడేఘాట్ కొండలలో కుమ్రం భీము ప్రాణము లర్పించిన పిమ్మట, హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్ర పండితుడు గోండుల జీవితమును పరిశీలించుటకు వచ్చెను. ఆయనయు, భార్య బెట్టీయు మార్లవాయి గ్రామమున కాపురముండి గోండులతో కలిసి మెలగిరి. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండను విశ్వవిద్యాలయపు విద్యాపీఠ మొకదానిలో భద్రముగా నున్నవి. కాని ఆ దంపతులు చిత్రములు తీసికొని వెడలిపోయినవారు కారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయ మేర్పడుటకు ఆయన కృషి తోడ్పడెను. 1987లో మరణించిన బెట్టీ సమాధి ఆ గ్రామముననే యున్నది.

ఇప్పటి తీరు చూడుడు. ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున పుష్య అమావాస్యకు నాగోబా జాతర ఆరంభమగును. మెస్రం వంశపు క్రొత్తకోడండ్రు తెల్లని వస్త్రమున మొగము కప్పుకొని దైవదర్శనమునకు వచ్చుదురు. కార్లు దిగి వచ్చిన చూపరులలో కొందరు, పేరైన నడుగక, ఆ ముసుగుల చెంతకు సెల్ ఫోను చాచి చిత్రము తీసికొని పోవుదురు. పెండ్లికూతురి ముసుగు తొంగిచూచుట మన యింట మర్యాద కానప్పుడు అడవిలో మాత్రము ఎట్లు మర్యాద యగును?

జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లె కథ దీనికి భిన్నము. శ్రీరాం శ్రీకాంత్ అను యువకుడు 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ అను యూట్యూబు ప్రదర్శనలలో నటించి మిల్కూరి గంగవ్వ దేశదేశముల తెలుగువారికి పరిచితురాలైనది. పొలములో కూలి చేసి, బీడీలు చుట్టి బ్రదికిన ఈమె నడివయస్సు దాటిన తరువాత కెమేరా ముందుకు వచ్చినది. 2020లో ‘బిగ్ బాస్’ నాలుగవ విడతలోను పాల్గొన్నది. పట్టణపు పలుకు ఆమె అరువు తెచ్చుకొనలేదు. మన పల్లెపలుకు వినుటకే జనులు ఆమెను వెదకికొని వచ్చిరి. ఇచ్చట కెమేరా ఊరిదే, మాట ఆమెదే, నవ్వు ఆమెదే. జాతరలోని క్రొత్తకోడలికిని గంగవ్వకును గల భేదము ఈ యొక్క సమ్మతియే.

ఇక బండి సంగతి. నిజాము రాజ్యమున 1932 జూనులో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ రవాణా ఆరంభమైనది. 2023 డిసెంబరు 9న తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేని ప్రయాణము మొదలైనది. ఇది గొప్ప మేలు. కాని బస్సు పోని త్రోవలును, బస్సు లేని వేళలును గలవు. కాన్పునొప్పులు బస్సువేళ చూచి రావు గదా! మా వీథిలో పదునాలుగేండ్ల కుమారునకు మోటారు సైకి లిచ్చి మురియు తల్లులే, ఇరువదేండ్ల కుమార్తె స్కూటరడిగినచో ‘పడుదువు, వద్దు’ అందురు. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడపి నేరము చేసినచో, 2019 నాటి చట్టసవరణ ప్రకారము సంరక్షకునకు గాని బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానాయు మూడేండ్ల వరకు చెరయు విధింపవచ్చును. చట్టము వలదన్న వానికి తాళపుచెవి, చట్టము ఒప్పినయామెకు తాళపుకప్ప!

బండి నేర్చు సోదరీమణులు రెండు లెక్కలు గుర్తుంచుకొనవలెను. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిమ్మట బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచు మూడు సెకండ్లు ఫోను వంక చూచినచో 50 మీటర్లు కన్నులు మూసికొని పోయినట్లే. ఇక వెనుక కూర్చుండు వారి మాట. మోటారు సైకిలు వెనుకచక్రమును కనీసము సగమైన కప్పు కవచ ముండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు విధించుచున్నవి. దానినే మనము శారీగార్డు అందుము. అందము చెడునని దానిని ఊడదీయించు యువకులు గలరు. చీరచెరగు చక్రమున చిక్కినచో నేమగునో వారికి పట్టదు. హెల్మెట్టు నడపువానికే గాక వెనుకనున్న స్త్రీకిని విధి.

అన్నింటికంటె బరువైన మాట యింకను మిగిలియున్నది. మా యెరుకలో నొక యింటి బిడ్డ పెండ్లిలో ఆడిన యాటను ఆకతాయి యొకడు చిత్రము తీసి, అసభ్యముగా మార్చి పదిమందికి పంపెను. ఇంటివారు మొదట బిడ్డ ఫోను లాగికొనిరి. పిమ్మట కళాశాల మాన్పించిరి. తీసినవాడు వీథిలో తిరుగుచుండెను. తీయబడినది గదిలో మ్రగ్గుచుండెను. మా వారు రెండు మాసములు ఆ యింటికి పోయి పోయి నచ్చజెప్పగా, ఆమె మరల చదువునకు పోయినది. ఆ రెండు మాసముల చదువును, నిద్రను ఆమెకు ఎవరు తిరిగి యిత్తురు?

అసభ్యచిత్రములను ఎలెక్ట్రానిక్ సాధనములద్వారా వ్యాప్తి చేయుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 67వ విభాగము క్రింద నేరము. మొదటి తప్పునకే మూడేండ్ల వరకు చెరయు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాయు గలవు. సైబరు నేరముల ఫిర్యాదునకు 1930, స్త్రీల సహాయమునకు 181 అను సంఖ్యలు గలవు. 2014లో హైదరాబాదున మొదలైన పోలీసు వారి షీ టీములు తరువాత జిల్లాలకును వ్యాపించినవి. ఫిర్యాదు చేయువారు ఒక్కటి మరువరాదు. కాళిదాసు నాటకమున శకుంతల పలుకు సభలో చెల్లకపోవుటకు కారణము చేత ఉంగరము లేకపోవుటయే. సిగ్గుచే ఆ చిత్రమును, దానితో వచ్చిన సందేశమును చెరిపివేసినచో మన యుంగరమును మనమే నీట విడిచినట్లగును. అది వచ్చిన దినము, వేళ, పంపినవాని సంఖ్యతో సహా దాచియుంచవలెను.

ముందుజాగ్రత్త మరియొకటి. ఫోనులో తీసిన చిత్రమున తీసిన వేళయు, అమరికను బట్టి తీసిన తావును కూడ దాగియుండును. కెమేరా అమరికలలో ‘లొకేషన్’ అను దానిని ఆపివేసిన తావు నమోదు కాదు. ఇట్టివి తల్లులు బిడ్డలయొద్ద నేర్చుకొనుటలో చిన్నతనము లేదు. చిత్రలేఖ పాటింపని నియమమును మాత్రము తల్లులే బిడ్డలకు నేర్పవలెను: ఒకరి చిత్రము తీయుటకు ముందొకసారి, పదిమందికి పంపుటకు ముందొకసారి వారి నడుగవలెను. కుమార్తెలకంటె ముందు కుమారులకు ఈ పాఠము చెప్పవలెనని మా మనవి.

వేకువజామున బడి మైదానములు ఖాళీగా నుండును. స్కూటరు నేర్వదలచిన వారికి అంతకంటె మంచి చోటు లేదు. చీర కుచ్చెళ్లు బిగించి, హెల్మెట్టు పెట్టుకొని, తోడుగా ఒక్క నెచ్చెలిని పిలుచుకొని పొండు.