కణమరణ పరీక్ష – గోధుమ రంగు చెప్పే సాక్ష్యం

శరీరంలోని కణాలన్నీ ఒకే విధంగా మరణించవు. విషం సోకియో, రక్తప్రసారం ఆగియో ఉబ్బి పగిలిపోయేవి కొన్ని. తమలోని ఏర్పాటును అనుసరించి ముడుచుకొని, ముక్కలై, పొరుగు కణాలకు ఆహారమై నిశ్శబ్దంగా తొలగిపోయేవి మరికొన్ని. ఈ రెండవ విధమైన మరణానికి 1972లో కెర్, విల్లీ, కర్రీ అనే శాస్త్రజ్ఞులు 'ఎపాప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆకులు రాలడమని ఆ గ్రీకు పదానికి అర్థం. ముచ్చటైన పేరే.

ఇట్టి మరణంలో కేంద్రకంలోని డి.ఎన్.ఏ. తునకలవుతుంది. 1992లో గావ్రియెలీ, షెర్మన్, బెన్‌సాసన్ వెలువరించిన 'టనెల్' పద్ధతిలో ఒక ఎంజైము ఆ తెగిన కొసలకు గుర్తు వేసిన అణువులను అతికిస్తుంది. పిదప రంగు పుట్టించే ద్రావణం పోస్తే ఆ కేంద్రకాలు సూక్ష్మదర్శిని క్రింద గోధుమ రంగులో కనిపిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. కొస తెగిన సంగతి ఎంజైముకు తెలుసు గాని, ఎందుకు తెగిందో తెలియదు. పగిలి చచ్చిన కణాలూ, ప్రాణం పోయిన తరువాత కుళ్ళిన కణాలూ ఈ పరీక్షలో రంగు పట్టుతాయని 1995లో ఎలుక కాలేయంపై జరిగిన పరిశోధన హెచ్చరించింది. ఒక మందు కాలేయానికి చేటు చేస్తున్నదా అని తేల్చవలసినచోట ఈ లెక్క తప్పితే నిర్ణయమే తలక్రిందులవుతుంది.

కనుక స్లైడు నిండా గోధుమ రంగు పరచుకొన్నప్పుడు మనం మొదట శంకించవలసింది రసాయనాలను కాదు. కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేయడానికి పట్టిన కాలాన్ని. వేసవి మధ్యాహ్నం బల్లపై ఉంచిన ముక్క ఎంత త్వరగా చెడుతుందో వేరే చెప్పనక్కరలేదు. ముక్క దళసరిగా ఉన్నా లోపలి భాగానికి ఫార్మలిన్ సకాలంలో చేరదు.

తరువాత చూడవలసింది ప్రోటీనేజ్-కె. ఎంజైముకు దారి తెరవడం దీని పని. సాధారణంగా మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల చొప్పున 15 నిమిషాలు అంటారు. అది ఆరంభానికి మాత్రమే పనికివచ్చే అంకె. తక్కువైతే రంగే రాదు. ఎక్కువైతే లేని మరణం కనిపిస్తుంది, ఒక్కొక్కసారి కణజాలమే స్లైడు నుండి ఊడిపోతుంది. వారాల తరబడి ఫార్మలిన్‌లో నానిన ముక్కకు ఎక్కువ సమయం కావాలి. ఏ కణజాలానికి ఎంతో మనమే పరీక్షించి నిర్ణయించుకోవాలి.

ఎర్ర రక్తకణాలు గోధుమ రంగు తేలితే కారణం వాటిలోని సహజ పెరాక్సిడేజ్ చర్య. ముందుగా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దానిని అణచాలి. అంచులు మాత్రమే రంగు పట్టితే స్లైడు మధ్యలో ఆరిపోయి ఉండవచ్చు.

ప్రతి పరీక్షలోనూ రెండు అదనపు స్లైడులు తప్పవు. ఒకదానిలో డి.ఎన్.ఏ.ను బుద్ధిపూర్వకంగా డీఎన్ఏజ్‌తో తెంపుతాం. దానికి రంగు రాకపోతే ద్రావణాలలో గాని విధానంలో గాని లోపమున్నది. రెండవదానికి అతికించే ఎంజైమును వేయం. దానికీ రంగు వస్తే మిగిలిన స్లైడుల రంగును నమ్మరాదు. ఖర్చును సాకు చేసి వీటిని మానడం మాకు సమ్మతం కాదు. ఇవి సరిగా వచ్చిన పిమ్మట ప్రక్క కోతకు హిమటాక్సిలిన్-ఇయోసిన్ అభిరంజనం చేసి, గోధుమ రంగు వచ్చిన తావులలో కణం ముడుచుకొని, కేంద్రకం చిక్కబడి తునిగి ఉన్నదా అని చూడాలి. సందేహం తీరకుంటే క్రియాశీల కాస్పేజ్-3ను గుర్తించే ప్రతిరక్షకంతో మరొక కోతను పరీక్షించాలి.