గచ్చిబౌలి విద్యార్థులు – తెలుగు నుడి

1998వ సంవత్సరమున మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమైనది. ఆ యేటనే, దానికి కొలదిదూరమున గచ్చిబౌలియందు ట్రిపుల్ ఐటీ యని జనులు పిలుచు విద్యాసంస్థ వెలసినది. భవనము పేరు దేశమంతట మ్రోగినది; విద్యాసంస్థలో సాగు పనిని గుర్తించిన తెలుగువారు తక్కువ.

ఇది పెద్ద విద్యాలయము కాదు. పట్టము పుచ్చుకొనకమునుపే విద్యార్థి పరిశోధనకు కూర్చుండుట ఇచ్చటి సంప్రదాయము. అయిదేండ్ల చదువులలో నొకటి కంప్యూటరు శాస్త్రమును భాషాశాస్త్రముతో జోడించినది. ఇంటర్మీడియెటు ముగించి వచ్చిన బాలుడు ఒకపూట ప్రోగ్రాము వ్రాయును. మఱొకపూట ‘రానివాడు’ అను నొక్కమాటలో క్రియయు, లేమియు, మనుజుడును ఇమిడియున్న సంగతిని యంత్రమున కెట్లు తెలుపుదునా యని తల బాదుకొనును. దేశభాషల నడుమ యాంత్రికానువాదమునకై ఈ సంస్థ చిరకాలముగ పాటుపడుచున్నది.

అయితే ఆ బాలునకు తెలుగెంత వచ్చును? దేశపు నలుమూలలనుండి వచ్చువారి మాట విడుతము. తెలుగింటి బిడ్డల మాటయే యడుగుచున్నాము. 2018లో తెలంగాణమున పదవ తరగతివఱకు తెలుగును తప్పనిసరి చేయు చట్టము వచ్చినది. మంచిదే. కాని ఇంటర్మీడియెటున మార్కులు దండిగ పడునని రెండవభాషగా సంస్కృతము గైకొనువా రెందఱో! సంస్కృతముపై మాకు ద్వేషము లేదు. మార్కులకై బట్టీపట్టి మఱునాడు మఱచుట ఆ భాషకును గౌరవము కాదు. పదవ తరగతితో తెలుగును వీడినవాడు పదునెనిమిదవయేట యంత్రమునకు తెలుగు నేర్పవలసి వచ్చుచున్నది.

ఈ నగరముననే 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము, ముందుగనే తర్జుమాశాఖ నేర్పఱచుకొని, వైద్యమును ఇంజనీరింగును సైతము ఉర్దూలో బోధించినది. అది పాలకుల భాషయే గాని జనసామాన్యపు భాష కాదు. తెలుగు బాలురు పడిన క్లేశము చెప్పనక్కఱలేదు. అయినను, శాస్త్రమును దేశభాషలో చెప్పవచ్చునని ఆ ప్రయత్నము ఋజువు చేసినది. 1948 తరువాత ఆ పీఠము ఆంగ్లమున కమరినది.

గచ్చిబౌలి పెద్దలను మేము కోరునది స్వల్పము. భాషాశాస్త్రము చదువు తెలుగు విద్యార్థులను ఏటికొక నెల పాలమూరునకో శ్రీకాకుళమునకో పంపి, రైతుల నోట, కూలీల నోట, సంతలలో వినవచ్చు నుడికారమును స్వహస్తములతో వ్రాసికొని రానిండు. ఇంటర్మీడియెటు అధికారులును, ఏ భాష గైకొన్నను మార్కులలో లాభనష్టములు లేకుండునట్లు ప్రశ్నపత్రములను సరిదిద్దవలెను. ఈ రెంటికిని కోట్లు వెచ్చింప నవసరము లేదు.