ది ఆండ్రోమెడా స్ట్రెయిన్

ది ఆండ్రోమెడా స్ట్రెయిన్ అమెరికన్ రచయిత మైకేల్ క్రైటన్ రచించిన వైజ్ఞానిక కల్పనా నవల. ఇది 1969లో ఆల్ఫ్రెడ్ ఎ. నాఫ్ సంస్థ ద్వారా వెలువడింది. అంతరిక్షం నుండి ఒక కృత్రిమ ఉపగ్రహంతోపాటు భూమికి చేరిన ప్రాణాంతక సూక్ష్మజీవిని అర్థం చేసుకొని, అదుపు చేయడానికి కొందరు శాస్త్రవేత్తలు ఐదు రోజులపాటు చేసిన ప్రయత్నమే ఇందులోని ఇతివృత్తం. ఈ నవల ఆధారంగా 1971లో చలనచిత్రము, 2008లో టెలివిజన్ ధారావాహిక నిర్మించబడ్డాయి.

పేరు

సూక్ష్మజీవశాస్త్రంలో ఒకే జాతికి చెందిన జీవులలో ప్రత్యేక లక్షణాలు గల ఉపరకాన్ని "స్ట్రెయిన్" అంటారు. "ఆండ్రోమెడా" అన్నది కథలో ఆ జీవికి ఇచ్చిన సంకేతనామం మాత్రమే. ఇదే పేరుతో ఒక నక్షత్ర మండలము, ఒక గెలాక్సీ ఉన్నప్పటికీ ఈ సూక్ష్మజీవి అక్కడి నుండి వచ్చినట్లు నవలలో ఎక్కడా లేదు.

రచయిత, రచనా నేపథ్యం

మైకేల్ క్రైటన్ (1942 - 2008) చికాగోలో జన్మించారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో చదువుతున్న రోజులలోనే ఖర్చుల కోసం జాన్ లాంజ్, జెఫ్రీ హడ్సన్ అనే కలం పేర్లతో నవలలు రాశారు. స్వంత పేరుతో ప్రచురించిన మొదటి నవల ది ఆండ్రోమెడా స్ట్రెయిన్. ఇది వెలువడిన సంవత్సరమే ఆయనకు వైద్య పట్టా లభించింది. అయితే నవల సాధించిన విజయంతో ఆయన వైద్యవృత్తిని చేపట్టక పూర్తికాల రచయితగా స్థిరపడ్డారు. సంపాదకుడు రాబర్ట్ గాట్‌లీబ్ సూచనల మేరకు ఈ నవలను ఆయన విస్తృతంగా తిరగరాశారు. తరువాతి కాలంలో ఆయన రచించిన జురాసిక్ పార్క్ (1990) దాని చలనచిత్ర రూపం ద్వారా తెలుగు ప్రేక్షకులకు కూడా సుపరిచితమైనది.

నవల వెలువడిన కాలం కూడా దాని ఆదరణకు తోడ్పడింది. 1969 మే నెలలో పుస్తకం విడుదల కాగా, అదే సంవత్సరం జూలై 20న అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై దిగారు. చంద్రుని నుండి తెలియని సూక్ష్మజీవులు భూమికి రావచ్చునా అన్న ప్రశ్న అప్పుడు కేవలం కథకుల ఊహ కాదు, ప్రభుత్వ సంస్థలు సమాధానం వెదకవలసిన ప్రశ్న.

కథ

ఎగువ వాతావరణంలో ఉండే సూక్ష్మజీవులను సేకరించడానికి అమెరికా సైన్యం "స్కూప్" అనే పేరుతో ఉపగ్రహాలను ప్రయోగిస్తుంది. పైకి ఇది వైజ్ఞానిక పరిశోధన. అసలు ఉద్దేశం జీవాయుధాలకు పనికివచ్చే కొత్త సూక్ష్మజీవులను కనుగొనడం. ఈ వరుసలో ఏడవ ఉపగ్రహం అరిజోనా రాష్ట్రంలోని పీడ్‌మాంట్ అనే చిన్న ఊరి వద్ద నేలకు దిగుతుంది. ఊరి జనాభా 48 మంది. ఉపగ్రహాన్ని తీసుకురావడానికి వెళ్ళిన ఇద్దరు సైనికులు వీధులలో శవాలు పడి ఉన్నాయని రేడియోలో చెబుతూనే మరణిస్తారు.

దీనితో "వైల్డ్‌ఫైర్" అనే అత్యవసర ప్రణాళిక అమలులోకి వస్తుంది. శాస్త్రవేత్తలు పీడ్‌మాంట్‌లో పరిశీలించినపుడు చాలామంది నడుస్తూ నడుస్తూనే కుప్పకూలి మరణించినట్లు, వారి శరీరాలలో రక్తమంతా గడ్డకట్టి పొడిగా మారినట్లు తెలుస్తుంది. కొందరు మాత్రం మతి చలించి ఆత్మహత్య చేసుకొన్నారు. ఊరి వైద్యుడు కుతూహలంతో ఉపగ్రహాన్ని తెరవడమే ఈ వినాశనానికి కారణం. అంతటి మృత్యువులోనూ ఇద్దరు బ్రతికి ఉంటారు. ఒకరు పీటర్ జాక్సన్ అనే 69 ఏళ్ళ వృద్ధుడు, మరొకరు ఏడుపు ఆపని రెండు నెలల పసిబిడ్డ.

వీరిద్దరినీ, ఉపగ్రహాన్నీ నెవాడా రాష్ట్రంలో భూగర్భంలో నిర్మించిన ఐదంతస్తుల రహస్య ప్రయోగశాలకు తరలిస్తారు. పైకి అది వ్యవసాయ పరిశోధనా కేంద్రంగా కనిపిస్తుంది. కింది అంతస్తుకు దిగే కొద్దీ శుద్ధీకరణ నియమాలు కఠినమవుతాయి. సూక్ష్మజీవి బయటపడితే ప్రయోగశాలను సమూలంగా నాశనం చేయడానికి అక్కడే ఒక పరమాణు బాంబు అమర్చబడి ఉంటుంది. పేలుడును ఆపగల తాళంచెవి ఒక్క వ్యక్తి వద్ద మాత్రమే ఉంటుంది.

పరిశోధనలో ఆ జీవి ఆకుపచ్చని స్ఫటికం వంటి షడ్భుజాకార నిర్మాణమని తెలుస్తుంది. భూమిపై ప్రతి జీవిలోనూ ఉండే మాంసకృత్తులు, కేంద్రకామ్లాలు అందులో లేవు. అది శక్తిని నేరుగా పదార్థంగా మార్చుకొని పెరుగుతుంది, ఏ వ్యర్థ పదార్థాన్నీ విడువదు. ఇక్కడే కథలోని అసలు చిక్కు బయటపడుతుంది. పీడ్‌మాంట్‌పై పరమాణు బాంబు వేసి సూక్ష్మజీవిని దహించాలని శాస్త్రవేత్తలు అంతకుముందే కోరి ఉంటారు. అధ్యక్షుడు ఆ నిర్ణయాన్ని వాయిదా వేసినట్లు తెలిసి ఆగ్రహిస్తారు. తీరా చూస్తే బాంబు వెలువరించే అపారమైన శక్తి ఆ జీవికి ఆహారమే అయ్యేదని అర్థమవుతుంది.

ఈలోగా సూక్ష్మజీవి ఉత్పరివర్తనం చెంది మనుషులకు హాని చేయని రూపం పొందుతుంది. కాని ఆ కొత్త రూపం రబ్బరు, ప్లాస్టిక్ వంటి కృత్రిమ పదార్థాలను క్షీణింపజేస్తుంది. పీడ్‌మాంట్ పైన ఎగిరిన ఒక యుద్ధవిమానం అందువల్లనే కూలిపోతుంది. ప్రయోగశాలలోని బిగింపులు కూడా అలాగే చెడిపోగా, యంత్రాంగం దానిని ప్రమాదంగా భావించి పేలుడుకు మూడు నిమిషాల గడువు ప్రారంభిస్తుంది. తాళంచెవి ఉన్న డాక్టర్ హాల్ మత్తు బాణాలను తట్టుకొంటూ పై అంతస్తుకు ఎగబ్రాకి చివరి క్షణాలలో పేలుడును ఆపుతాడు. సూక్ష్మజీవి ఎగువ వాతావరణానికి చేరుకొంటుంది. ఒక మానవ సహిత అంతరిక్ష నౌక తిరుగు ప్రయాణంలో కాలిపోవడంతో నవల ముగుస్తుంది. మానవుడు ఆ జీవిని జయించలేదు, అది తనంతట తాను మారింది.

ప్రధాన పాత్రలు

* జెరెమీ స్టోన్ - నోబెల్ బహుమతి పొందిన బాక్టీరియా శాస్త్రవేత్త, వైల్డ్‌ఫైర్ బృంద నాయకుడు.
* చార్లెస్ బర్టన్ - వ్యాధి నిర్ధారణ శాస్త్ర నిపుణుడు. ప్రయోగశాలలో బిగింపు విడిపోయినపుడు సూక్ష్మజీవి ఉన్న గదిలో చిక్కుకొంటాడు.
* పీటర్ లెవిట్ - సూక్ష్మజీవశాస్త్ర నిపుణుడు. తనకు మూర్ఛవ్యాధి ఉన్న సంగతిని దాచిపెడతాడు.
* మార్క్ హాల్ - శస్త్రచికిత్స నిపుణుడు, బృందంలోని ఏకైక అవివాహితుడు. అవివాహితుడే ఇటువంటి సమయంలో నిష్పాక్షికంగా నిర్ణయించగలడన్న "బేసి మనిషి" సిద్ధాంతం ప్రకారం తాళంచెవిని అతనికి అప్పగిస్తారు. ఈ సిద్ధాంతం రచయిత కల్పనయే.

ఇద్దరు బ్రతకడానికి కారణం

కథలోని కీలకమైన చిక్కుముడి ఒక సాధారణ శరీరధర్మ సూత్రంపై ఆధారపడి ఉంది. ఆరోగ్యవంతుని ధమనీ రక్తపు పీహెచ్ విలువ సుమారు 7.35 నుండి 7.45 వరకు ఉంటుంది. ఆండ్రోమెడా ఈ పరిధిలోని అతి సన్నని భాగంలో మాత్రమే పెరగగలదు. వృద్ధుడు కడుపునొప్పికి అతిగా ఆస్పిరిన్ మింగుతూ, దానితోపాటు వంట ఇంధనంగా వాడే స్టెర్నో అనే మద్యసార మిశ్రమాన్ని త్రాగుతుంటాడు. అందువల్ల అతని రక్తంలో ఆమ్లత్వం పెరిగింది. పసిబిడ్డ ఎడతెగక ఏడుస్తూ వేగంగా శ్వాసించడం వల్ల బొగ్గుపులుసు వాయువు అధికంగా బయటికి పోయి రక్తం క్షారత్వం వైపు మొగ్గింది. ఒకరిది ఆమ్లత్వం, మరొకరిది క్షారత్వం. రెండు వ్యతిరేక కారణాల వల్ల ఇద్దరూ బ్రతికారు. జీవి లక్షణాలు కల్పితమైనప్పటికీ, శ్వాసవేగానికి, రక్తపు పీహెచ్‌కు గల ఈ సంబంధం వైద్యశాస్త్రం అంగీకరించినదే.

శైలి

ఈ నవల ప్రభుత్వ రహస్య నివేదిక రూపంలో సాగుతుంది. పటాలు, పట్టికలు, కంప్యూటర్ ముద్రణలు, కల్పిత పత్రాల జాబితా వంటివి కథ నిజంగా జరిగినదన్న భ్రమ కల్పిస్తాయి. ఎవరు ఏ పొరపాటు చేశారో, దాని ఫలితమేమిటో కథకుడు ముందుగానే సూచిస్తుంటాడు. వార్తాయంత్రం గంటకు చిన్న కాగితం ముక్క అడ్డుపడడం వల్ల ముఖ్యమైన సందేశం సమయానికి అందదు. లెవిట్ మూర్ఛ కారణంగా ఒక ప్రధాన ఫలితాన్ని గమనించలేకపోతాడు. ఈ విధంగా నవల సూక్ష్మజీవి కంటే మానవ వ్యవస్థల లోపాలనే ఎక్కువగా చర్చిస్తుంది. హెచ్.జి. వెల్స్ నవల ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1898)లో అంగారక గ్రహవాసులు భూమిపై సూక్ష్మజీవుల వల్ల నశిస్తారు. క్రైటన్ ఆ ఊహను తలక్రిందులు చేశారని చెప్పవచ్చు.

శాస్త్రీయత

రక్తం గడ్డకట్టడం, శుద్ధీకరణ పద్ధతులు, జీవిని వేరుచేసే పరీక్షలు వంటి విషయాలలో నవల వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. కొన్ని అంశాలు మాత్రం ఆమోదయోగ్యం కావు. శక్తిని నేరుగా పదార్థంగా మార్చుకోగల జీవక్రియ ఏదీ తెలియదు. ఉత్పరివర్తనం ఒక్కొక్క జీవిలో విడివిడిగా జరుగుతుంది కాబట్టి, దూరదూరాన ఉన్న జీవులన్నీ ఒకేసారి ఒకే విధంగా మారడం సాధ్యం కాదు. భూమిపై వ్యాధికారక క్రిములు తమ ఆతిథేయ జీవులతో కలిసి చిరకాలంగా పరిణామం చెందుతూ వచ్చాయి. మనిషిని ఎన్నడూ ఎరుగని జీవి అంత సులభంగా వ్యాధి కలిగించగలదా అన్న సందేహం కూడా ఉన్నది.

వాస్తవ జగత్తులో

1967 నాటి బాహ్యాంతరిక్ష ఒప్పందం తొమ్మిదవ అధికరణం అన్య గ్రహాలను కలుషితం చేయరాదని, అక్కడి పదార్థాల వల్ల భూమి పర్యావరణానికి హాని కలుగనీయరాదని సభ్యదేశాలను ఆదేశిస్తుంది. అపోలో 11 వ్యోమగాములను సుమారు మూడు వారాలపాటు ఇతరుల నుండి వేరుగా ఉంచారు. చంద్రశిలలను హ్యూస్టన్‌లోని ప్రత్యేక ప్రయోగశాలలో పరీక్షించారు. కాని నౌక పసిఫిక్ సముద్రంలో దిగిన తరువాత, రక్షణ దుస్తులు అందించడానికి దాని తలుపును బయటిగాలిలోనే తెరిచారు. చంద్రునిపై సూక్ష్మజీవులు ఉండి ఉంటే ఆ ఒక్క క్షణమే చాలేది. చంద్రశిలలలో జీవజాలం కనిపించనందున అపోలో 14 (1971) తరువాత ఈ నిర్బంధాన్ని ఎత్తివేశారు.

2004 సెప్టెంబరు 8న సౌరపవన కణాలను తెచ్చిన జెనెసిస్ గుళిక పారాచూట్ తెరుచుకోక యూటా ఎడారిలో పడి పగిలిపోయింది. అందులో జీవులుండే అవకాశం లేనందున ప్రమాదమేమీ జరగలేదు. అయితే ఎంత జాగ్రత్తగా రూపొందించిన గుళిక అయినా పగలవచ్చునని ఈ సంఘటన తెలియజేసింది. అంగారకుని మట్టిని భూమికి తేవాలనే ప్రతిపాదనల సందర్భంలో ఈ ప్రశ్న మరల మరల చర్చకు వస్తుంది.

హైదరాబాదు ప్రయోగం

ఎగువ వాతావరణంలో సూక్ష్మజీవులను వెదకడం అన్న నవలలోని అంశానికి దగ్గరగా ఉండే ప్రయోగం హైదరాబాదులో జరిగింది. 2005 ఏప్రిల్‌లో, టాటా మౌలిక పరిశోధనా సంస్థ నడిపే జాతీయ బెలూన్ కేంద్రం నుండి 459 కిలోల పరికరాలతో ఒక బెలూన్‌ను ప్రయోగించారు. భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ (ఇస్రో) ఆధ్వర్యంలో జరిగిన ఈ ప్రయోగంలో 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని సేకరించారు. ప్రముఖ ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ఇందులో ప్రధాన పాత్ర వహించారు.

నమూనాలను హైదరాబాదులోని సీసీఎంబీ, పూణేలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం విడివిడిగా పరీక్షించగా 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు లభించాయి. వాటిలో మూడు బాక్టీరియాలు కొత్త జాతులుగా గుర్తింపబడ్డాయి. వాటికి జానిబాక్టర్ హోయిలీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట అని పేర్లు పెట్టారు. ఈ పేర్లు వరుసగా ఫ్రెడ్ హోయిల్, ఇస్రో, ఆర్యభటులను స్మరింపజేస్తాయి. 2009 మార్చిలో ఈ ఫలితాలను ప్రకటిస్తూ, ఇవి భూమికి వెలుపలి నుండి వచ్చాయని నిర్ధారణగా చెప్పలేమని ఇస్రో స్పష్టం చేసింది.

చలనచిత్రం, ఇతర రూపాలు

1971లో రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో యూనివర్సల్ సంస్థ ఈ నవలను చలనచిత్రంగా నిర్మించింది. ఆర్థర్ హిల్, జేమ్స్ ఓల్సన్, డేవిడ్ వేన్, కేట్ రీడ్ ప్రధాన పాత్రలు ధరించారు. నవలలోని పీటర్ లెవిట్ పాత్రను చిత్రంలో రూత్ లెవిట్ అనే మహిళగా మార్చారు. పీడ్‌మాంట్ న్యూమెక్సికో రాష్ట్రంలో ఉన్నట్లు చూపారు. డగ్లస్ ట్రంబుల్ ప్రత్యేక దృశ్యాలను రూపొందించగా, గిల్ మెలే ఎలక్ట్రానిక్ సంగీతం సమకూర్చారు. కళాదర్శకత్వము, కూర్పు విభాగాలలో ఈ చిత్రం ఆస్కార్ పురస్కారానికి ప్రతిపాదింపబడినది.

2008లో మికాయెల్ సాలోమన్ దర్శకత్వంలో రెండు భాగాల టెలివిజన్ ధారావాహిక ప్రసారమయింది. రిడ్లీ స్కాట్, టోనీ స్కాట్ దాని నిర్మాణంలో పాలుపంచుకొన్నారు. క్రైటన్ మరణానంతరం, నవల వెలువడిన 50 సంవత్సరాలకు, 2019లో డేనియల్ హెచ్. విల్సన్ ది ఆండ్రోమెడా ఎవల్యూషన్ అనే కొనసాగింపు నవల రచించారు.