షార్ట్‌వేవ్‌ను ఇంటిదారి పట్టించిన ఇంజనీరు

సెసిల్ విలియం గోయ్డర్ బ్రిటిష్ విద్యుత్ ఇంజనీరు. 1906లో పుట్టాడు. 1936 నుంచి దాదాపు పదేళ్లపాటు ఆలిండియా రేడియోకు చీఫ్ ఇంజనీరుగా ఉన్నాడు. సముద్రాల అవతలి దేశాలతో మాట్లాడటానికే షార్ట్‌వేవ్ అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, సొంత దేశంలోని పల్లె శ్రోతను చేరడానికి దాన్నే నమ్ముకున్నాడు. అది ఎంత సరైన నిర్ణయమో తెలియాలంటే మద్రాసు నగరంలో కాక పావగడ లాంటి తాలూకాలో నిలబడి చూడాలి.

గోయ్డర్ పేరు మొదట వినబడింది 1924లో. అప్పుడతను లండన్ దగ్గరి మిల్ హిల్ స్కూల్ విద్యార్థి. అక్టోబరు 18న న్యూజీలాండ్‌లోని ఒటాగో ప్రాంతం నుంచి ఫ్రాంక్ బెల్ అనే ఔత్సాహికుడు పంపిన మోర్స్ సంకేతాలను అతను అందుకుని, స్కూలు ట్రాన్స్‌మిటర్ నుంచి బదులిచ్చాడు. బ్రిటన్, న్యూజీలాండ్‌ల మధ్య రెండువైపులా సాగిన తొలి రేడియో సంభాషణ ఇదే. ఆ డిసెంబరులోనే శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ యాపిల్టన్, మైల్స్ బార్నెట్‌లు బోర్న్‌మత్ నుంచి వచ్చే బి.బి.సి. తరంగాలతో ప్రయోగం చేసి, పైవాతావరణంలోని విద్యుదావేశ పొర రేడియో తరంగాలను కిందికి తిప్పి పంపుతుందని నిరూపించారు. కుర్రవాడు చేసి చూపినదానికి శాస్త్రం రెండు నెలల్లో కారణం చెప్పిందన్నమాట.

దక్షిణ భారతంలో రేడియో ప్రసారాలు పుట్టిందీ ఆ ఏడాదే. ఇంజనీరు సి.వి. కృష్ణస్వామి చెట్టి, మరికొందరు ఉత్సాహవంతులు కలిసి 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించారు. జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు, అంటే ఒక చిన్న విద్యుత్ బల్బుకు పట్టేంత. తరవాత దాన్ని 200 వాట్లకు పెంచారు. డబ్బు చాలక 1927 అక్టోబరులో క్లబ్బు మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్ తీసుకుని 1930 ఏప్రిల్ 1 నుంచి రోజూ ప్రసారాలు నడిపింది. చెట్టి చేసింది సాహసమే. అయితే అది నగరం కోసం చేసిన సాహసం. లోపలి జిల్లాల దాకా పోయే బలం ఆ యంత్రానికి లేదు.

1936 జూన్ 8న ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ పేరు ఆలిండియా రేడియోగా మారింది. అంతకుముందే బి.బి.సి. పరిశోధన విభాగం నుంచి హెచ్.ఎల్. కర్క్ వచ్చి దేశంలో సర్వే చేశాడు. అటు తరవాత చీఫ్ ఇంజనీరుగా వచ్చిన గోయ్డర్ ముందున్న లెక్క కష్టమైనది. ఉన్న కొద్దిపాటి నిధులతో మీడియంవేవ్ కేంద్రాలు కడితే వాటి చుట్టుపక్కల వాళ్లకు చక్కగా వినిపిస్తుంది, మిగతా దేశానికి ఏమీ వినిపించదు. షార్ట్‌వేవ్ పెడితే అంత నిలకడగా వినిపించకపోయినా అందరికీ ఎంతో కొంత అందుతుంది. అతను రెండోదానికే పెద్దపీట వేశాడు. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రంలో ఆ ఆలోచన కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడి మీడియంవేవ్ ట్రాన్స్‌మిటర్ పావు కిలోవాట్. పక్కనే ఉన్న షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ 10 కిలోవాట్లు, దానికి నలభై రెట్లు.

పావగడ అప్పట్లో మైసూరు సంస్థానంలోని తాలూకా. ఇప్పుడు కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉంది. మూడు పక్కలా ఆంధ్ర నేల, ఇళ్లలో తెలుగు, కచేరీల్లో కన్నడం. వానలు తక్కువ, రాతిగుట్టలు, వేరుశనగ చేలు. ఎం.వి. గోపాలస్వామి 1935లో మైసూరులో నెలకొల్పిన ‘ఆకాశవాణి’ 30 వాట్లతో మొదలై తరవాత 250 వాట్లకు పెరిగింది. అది పావగడకు గీత గీసినట్టు కొలిస్తే 210 కిలోమీటర్ల దూరం. మద్రాసు 340 కిలోమీటర్లు. మీడియంవేవ్ తరంగం పగటిపూట నేలను అంటిపెట్టుకుని సాగుతుంది. తడినేల, ఉప్పునీటి మీద బాగా పోతుంది. పొడి రాతినేల దాని బలాన్ని త్వరగా పీల్చేస్తుంది. దీనికితోడు ఉష్ణమండలపు మెరుపులు పుట్టించే గరగర మీడియంవేవ్ మీదే ఎక్కువ. పావు కిలోవాట్ మద్రాసు మీడియంవేవ్ రాయలసీమ గుట్టలు దాటి పగటిపూట పావగడ చేరే మాటే లేదు.

షార్ట్‌వేవ్‌కు నేలతో పని లేదు. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొర దాకా పోయి, ఇంటి కప్పుకు కొట్టిన బంతిలా కిందికి వస్తుంది. 340 కిలోమీటర్ల దూరంలో దిగాలంటే మద్రాసు నుంచి తరంగం 60 డిగ్రీల కోణంలో, అంటే బాగా నిటారుగా పైకి లేవాలి. దూరదేశాలకు ప్రసారం చేసేవాళ్లు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, తరంగాన్ని దిగంతం వైపు వాల్చి పంపుతారు. ఇంటి శ్రోత కోసమైతే ఏరియల్‌ను నేలకు సమాంతరంగా, తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఎత్తున కట్టాలి. 60 మీటర్ల తరంగానికి అది 15 మీటర్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. పౌనఃపున్యం మరీ ఎక్కువైతే నిటారుగా వెళ్లిన తరంగం పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. ఎండ ఉన్నంతసేపు పొర గట్టిగా ఉంటుంది, పొద్దుగూకాక పలచబడుతుంది. అందుకే పగలు ఒక మీటరు బ్యాండు, రాత్రి ఇంకొకటి. మద్రాసు షార్ట్‌వేవ్‌కు 4920 కిలోహెర్ట్జ్, అంటే 61 మీటర్ల దగ్గరి స్థానం, దశాబ్దాల పాటు చిరునామాగా నిలిచింది.

ఈ పద్ధతి ఖర్చులో కొంత భాగాన్ని ప్రభుత్వం మీద నుంచి శ్రోత మీదికి తోసింది, ఆ మాట దాచకూడదు. షార్ట్‌వేవ్ అందుకోవాలంటే చౌకరకం సెట్టు చాలదు, మంచి వాల్వు రేడియో కావాలి. కరెంటు లేని ఊళ్లో దానికి బ్యాటరీలు కావాలి, అవి అయిపోయినప్పుడల్లా పట్నానికి మోయాలి. ఏటా 10 రూపాయల లైసెన్సు. రెండు గుంజల మధ్య ఏరియల్ తీగ కట్టి, ముల్లు వెంట్రుకవాసి కదిపి కేంద్రాన్ని పట్టుకున్నాక కూడా పాట ఉండి ఉండి సన్నగిల్లుతుంది. పై పొర కదులుతూ ఉండటమే అందుకు కారణం. అయినా గోయ్డర్ లెక్కే న్యాయమైనది. మీడియంవేవ్‌కే కట్టుబడి ఉంటే ఆ గుట్టల నడుమ ఉన్న శ్రోత ఎంత ఖర్చు పెట్టినా వినగలిగేది ఏమీ ఉండేది కాదు.

తెలుగువాళ్లకు మద్రాసు కేంద్రం విలువ ఇంకా ఎక్కువ. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చేదాకా ఆలిండియా రేడియోలో తెలుగుకు మద్రాసే గూడు. ఆచంట జానకిరామ్, బాలాంత్రపు రజనీకాంతరావు పనిచేసిందీ, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి కార్యక్రమాల కోసం పిల్లల్ని పోగుచేసిందీ అక్కడే. సంస్థానం వేరైనా, జిల్లా వేరైనా ఆ గొంతులు తెలుగు ఇళ్లకు చేరే దారి పైపొర మీదుగా ఉండేది.

తరవాతి కాలంలో కేంద్రాలే దగ్గరికి వచ్చాయి. 1955లో బెంగళూరులో, 1963లో కడపలో, 1991లో అనంతపురంలో ఆలిండియా రేడియో కేంద్రాలు మొదలయ్యాయి. అనంతపురం ఎఫ్.ఎం. ఏరియల్ పావగడకు 70 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ తరంగాన్ని పై పొర తిప్పి పంపదు, అది నేలనూ అంటుకోదు. చూపు సాగినంత మేర తిన్నగా వస్తుంది. దేశీయ షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆలిండియా రేడియో ఇటీవలి సంవత్సరాల్లో ఒక్కొక్కటిగా ఆపేసింది.