గంతులు మానిన గేదెదూడ

సాయంకాలము పాలు పితుకుటకు ముందు మీ గేదెదూడను పలుపు విప్పి వదలి చూడుడు. ఆరోగ్యముగల దూడ తోక పైకెత్తి దొడ్డిలో రెండు చుట్లు పరుగిడి, తల్లి పొదుగును కుమ్మి కుమ్మి త్రాగును. మండుటెండలో నీడను పండుకొనుట వింత కాదు. నెలలు గడచినకొద్దీ గంతులు తగ్గుటయు సహజమే. కాని నిన్నటివరకు ఎగిరిన పసిదూడ నేడు విప్పినను కదలక నిలిచినచో అనుమానింపవలెను.

దీనికి ముఖ్య కారణములలో ఒకటి ఏలికపాములు. వీని పిల్లపురుగులు తల్లి శరీరములో దాగియుండి, ఈనిన తరువాత పాలవెంట దూడ ప్రేగులలో చేరును. సుమారు మూడు వారములలో పెద్దవై గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి జానెడు వరకు పెరుగును. మట్టిరంగు విరేచనములు, దుర్వాసన, బానకడుపు తరువాతి మాట. పురుగులు ఉండకట్టి ప్రేగు మూసుకొన్నచో దూడ దక్కుట కష్టము.

పాలలో వచ్చునని జున్నుపాలు మాన్పుట పెద్ద పొరపాటు. ఈనిన రెండు గంటలలోపు త్రాగింపుడు. దిష్టి తగిలినదని నల్లత్రాడు కట్టువారు కట్టుడు, మందు మాత్రము మానకుడు. 10 నుండి 16 రోజుల వయస్సులో, పశువైద్యుని అడిగి, దూడ బరువునకు తగిన పైపరజిన్ మందు పట్టింపుడు. మగదూడయే గదా యని ఉపేక్షింపకుడు. దాని పేడలోని గ్రుడ్లు దొడ్డి నేలలో నెలల తరబడి నిలిచి, మేతతో మరల గేదెల కడుపున చేరును.

జ్వరము, దగ్గు ఉన్నచో అది వేరు వ్యాధి. ఆనాడే పశువుల ఆసుపత్రికి తీసికొనిపొండు.