కారు ముందు చక్రాల దగ్గర టకటక శబ్దమా? డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇలా పరీక్షించండి

చిలమత్తూరు, లేపాక్షి ప్రాంతాల్లో చాలామంది రైతులు సెకండ్ హ్యాండ్ కారు కొని, అటు కుటుంబ అవసరాలకు, ఇటు పొలం పనులకు వాడుతున్నారు. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు, టమాటా బుట్టలు, ఎరువుల బస్తాలు అన్నీ అందులోనే. రాళ్లు తేలిన పొలం దారిలో తిరిగిన కారుకు కొన్నాళ్లకు ముందు భాగంలో శబ్దం మొదలవుతుంది. అదే కారుతో కొడికొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి బెంగళూరు వైపు వేగంగా వెళతాం. అందుకే ఈ శబ్దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని శబ్దాలు చిన్న ఖర్చుతో పోతాయి. కానీ బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు ఒరిగి బండి అదుపు తప్పుతుంది.

శబ్దాన్ని బట్టి లోపం

• చిన్న గుంతల్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు టకటక: స్టెబిలైజర్ లింక్ రాడ్లు లేదా బార్ బుష్‌లు. మారుతి 800 లాంటి పాత కార్లలో లింక్ రాడ్లు ఉండవు, బార్ బుష్‌లే చూడాలి.
• పెద్ద గుంతలో ధన్‌మని కొట్టడం, దాటాక బండి ఊగుతూ ఉండటం: షాక్ అబ్జార్బర్.
• బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి టక్‌మనడం: లోయర్ ఆర్మ్ బుష్. బ్రేక్ కాలిపర్ వదులైనా ఇలాగే వస్తుంది.
• నిలబడి స్టీరింగ్ తిప్పితే కిర్రుమనడం: షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంట్, దాని బేరింగ్.
• స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే కటకటమనడం: ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో యాక్సిల్ జాయింట్.
• వేగం పెరిగేకొద్దీ పెరిగే గుయ్‌మనే శబ్దం: వీల్ బేరింగ్ లేదా ఎగుడుదిగుడుగా అరిగిన టైరు.

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్షలు

1. ముందుగా వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. జాకీ, స్పానర్లు, స్టెప్నీ వదులుగా ఉన్నా శబ్దం వస్తుంది. వాటిని తీసి ఒకసారి నడిపి చూడండి.

2. బండి ముందు మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి ఆగిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పోయినట్టే. దాని ఒంటిపై ఆయిల్ కారిన మరక ఉందా చూడండి.

3. చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపండి. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. లూజు తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు లూజు పోతే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ అనుమానించాలి.

4. తర్వాత కుడి, ఎడమ అంచులు పట్టుకుని ఊపండి. ఇక్కడ మాత్రమే లూజు ఉంటే టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ రాక్ అరిగింది.

5. బాల్ జాయింట్, యాక్సిల్ జాయింట్ల రబ్బరు తొడుగులు చూడండి. చిరిగితే గ్రీజు బయటికి పోయి, ఎర్రమట్టి లోపలికి చేరి, జాయింట్ త్వరగా అరుగుతుంది. తొడుగు చిరిగిన కొత్తలోనే యాక్సిల్ తొడుగు మార్చి గ్రీజు నింపితే జాయింట్ ఖర్చు తప్పుతుంది.

హెచ్చరిక: జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు.

బాగు చేయించేటప్పుడు

• "ముందు భాగం మొత్తం మార్చేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఏది లూజుగా ఉందో చేత్తో పట్టి చూపించమనండి. మార్చిన పాత సామాను చూపించమని అడగండి.
• లింక్ రాడ్ అనుమానం ఉంటే రెండు వైపులా విప్పి, ఊళ్లోనే నెమ్మదిగా కొద్ది దూరం నడిపి చూడమనండి. శబ్దం ఆగితే లోపం అక్కడే ఉన్నట్టు. తర్వాత తప్పక తిరిగి బిగించాలి.
• షాక్ అబ్జార్బర్లను రెండు వైపులా కలిపి మార్చాలి. ఒక్కటే మార్చితే బండి ఒక పక్కకు తేడాగా స్పందిస్తుంది.
• లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను బండి నేలపై నిలిచి, బరువు పడ్డాకే చివరిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.
• టై రాడ్ ఎండ్ లేదా లోయర్ ఆర్మ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే టైర్లు ఒకవైపే అరుగుతాయి.
• శబ్దం ఆగాలని బుష్‌లపై ఇంజిన్ ఆయిల్, డీజిల్ పోయవద్దు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ముందు జాగ్రత్తలు

స్పీడ్ బ్రేకర్ రాకముందే బ్రేకు వేసి, ఎక్కేటప్పుడు వదిలేయండి. బ్రేకు తొక్కి ఉండగా ఎక్కితే దెబ్బంతా ముందు భాగం మీదే పడుతుంది. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్‌పై రాసిన మేరకే గాలి పట్టించండి. బస్తాలు పరిమితికి మించి వేయవద్దు.

బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, వీల్ బేరింగ్‌లలో దేనిలో లూజు కనిపించినా పంట అమ్మకానికి ఒకరోజు ఆలస్యమైనా సరే, ముందు మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించండి. సరుకును ఆ రోజుకు ఆటోలో పంపండి. లింక్ రాడ్ శబ్దమైతే మాత్రం నెమ్మదిగా నడుపుకుంటూ, వీలు చూసుకుని మార్పించుకోవచ్చు.